టార్గెట్ షూటింగ్‌కు ఏ తూటా? కాగితం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేయండి

రైఫిల్ కొనాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే మొదటి ప్రశ్న "ఏది పవర్‌ఫుల్?" అని. కాగితానికి చిల్లు పెట్టడానికి పవర్‌తో పనేముంది? కాగితం పారిపోదు, ఎదురు తిరగదు. మనకు కావలసినవి వేరే. గాలికి తక్కువ కొట్టుకుపోయే బుల్లెట్ కావాలి. రోజంతా కాల్చినా భుజం భరించేలా తన్ను తక్కువుండాలి. బ్యారెల్ ఏడాదికే అరిగిపోకూడదు. కాల్చాక ఇంట్లోనే మళ్లీ మళ్లీ నింపుకోవడానికి మంచి ఇత్తడి కేసులు దొరకాలి. ఇవన్నీ కుదిరాక వేగం ఎంత వస్తే అంత. నేను ఈ వరస తలకిందులు చేసి మొదటే ఒక మ్యాగ్నం, అంటే మందు బాగా ఎక్కువ పట్టే తూటా రైఫిల్, కొన్నాను. ఆ ముచ్చట కాసేపట్లో చెబుతాను.

మాటలు ముందే ఖాయం చేసుకుందాం. తూటా అంటే మొత్తం కార్ట్రిడ్జ్. అందులో ఎగిరిపోయేది బుల్లెట్. చేతిలో మిగిలే ఇత్తడి గొట్టం కేస్. కేస్ అడుగున నిప్పు పుట్టించే చిన్న గిన్నె ప్రైమర్. లోపల కాలేది మందు. బరువులన్నీ గ్రెయిన్లలో చెబుతారు. 7000 గ్రెయిన్లు ఒక పౌండు, 15.4 గ్రెయిన్లు ఒక గ్రాము. ఒక గురివింద గింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. తరాజు మీద ఎంత చిన్న తేడాలతో పని పడుతుందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

పేర్లను నమ్మి కొనకండి

'త్రీ నాట్ త్రీ' అని అందరం వినే ఉంటాం. అందులోని బుల్లెట్ వ్యాసం 0.303 అంగుళాలు అనుకుంటే పొరపాటే, అది 0.311, 0.312 దగ్గర ఉంటుంది. 0.303 అన్నది బ్యారెల్ లోపల గాడుల మధ్య ఎత్తుగా ఉండే గట్ల నుంచి కొలిచిన కొలత. .308 విన్చెస్టర్‌లో మాత్రం బుల్లెట్ నిజంగానే 0.308. .223 రెమింగ్టన్‌లో వేసేది 0.224 బుల్లెట్. .260 రెమింగ్టన్‌లోనూ 6.5 క్రీడ్‌మూర్‌లోనూ వేసేది ఒకటే, 0.264. ఇక .30-06లో 06 అంటే 1906వ సంవత్సరం.

కాబట్టి బుల్లెట్ కొనేటప్పుడు తూటా పేరు కాదు, పెట్టె మీది వ్యాసం చూడాలి. తూటా కొనేటప్పుడు బ్యారెల్ మీద చెక్కిన పేరూ పెట్టె మీది పేరూ అక్షరం తేడా లేకుండా కలవాలి. 5.56 నాటో, .223 బయటికి కవలల్లా ఉంటాయి. కానీ 5.56 ఛాంబర్‌లో (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోట) గాడులు కాస్త ముందుకు మొదలవుతాయి. అందుకే 5.56 తూటాను .223 ఛాంబర్‌లో కాలిస్తే ప్రెజర్ పెరుగుతుంది.

మొదటి పని: ఎంత దూరం, ఏ పోటీ

లైసెన్స్ మీద ఏ క్యాలిబర్ రాయించుకోవచ్చో, ఇంట్లో తూటాలు నింపుకోవడానికి అనుమతి ఉందో లేదో మీరున్న చోటి చట్టంలో ముందు చూసుకోండి. అక్కడ కుదరకపోతే మిగతా లెక్కంతా వృథా.

ఆ తర్వాత మీరు వెళ్లబోయే రేంజ్ పొడవు కనుక్కోండి. ఉన్నది 50 మీటర్ల రేంజే అయితే .22 లాంగ్ రైఫిల్ చాలు. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ నడిచేది దానితోనే. అయితే అది రిమ్‌ఫైర్. నిప్పంటించే రసాయనం కేస్ అంచులోనే ఉంటుంది, కాల్చాక ఆ అంచు నొక్కుకుపోతుంది. దాన్ని మళ్లీ నింపుకునే పని ఉండదు. నింపుకోవాలంటే ప్రైమర్ విడిగా మధ్యలో ఉండే సెంటర్‌ఫైరే తీసుకోవాలి.

పోటీలకు వెళ్లే ఆలోచన ఉంటే నిబంధనలే సగం నిర్ణయం చేసేస్తాయి. పడుకుని, రైఫిల్‌ను ఆసరా మీద పెట్టి దూరం కాల్చే ఎఫ్‌-క్లాస్‌లో ఎఫ్‌-టీఆర్ విభాగానికి .223 రెమింగ్టన్, .308 విన్చెస్టర్ (వాటి నాటో రూపాలతో సహా) తప్ప మరొకటి పనికిరాదు. ఎఫ్‌-ఓపెన్‌లో ఆ కట్టడి లేదు. ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 300 మీటర్ల పోటీలో 8 మిల్లీమీటర్లకు మించని క్యాలిబర్ ఏదైనా సరే. బ్రహ్మాండమైన 6.5 క్రీడ్‌మూర్ కొనుక్కుని ఎఫ్‌-టీఆర్‌కి పేరివ్వబోయి వెనక్కి వచ్చినవాళ్లున్నారు.

టార్గెట్ ఎంత పెద్దదో కూడా చూడండి. ఐఎస్‌ఎస్‌ఎఫ్ 300 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు. అమెరికా ఎన్‌ఆర్‌ఏ ఎఫ్‌-క్లాస్ టార్గెట్‌లో 1000 గజాల దగ్గర పది వలయం 10 అంగుళాలు, దాని లోపలి ఎక్స్ వలయం 5 అంగుళాలు. షూటర్లు వాడే 'మినిట్' కొలత (డిగ్రీలో అరవయ్యో వంతు) 100 గజాలకు 1.047 అంగుళాలు కాబట్టి, 300 మీటర్ల పది వలయం ఒక మినిట్‌కు కాస్త ఎక్కువ, 1000 గజాల పది వలయం ఒక మినిట్‌కు కాస్త తక్కువ. ఈనాటి మంచి రైఫిల్, మంచి తూటా కలిస్తే అంతకంటే చిన్న గుంపే (చిల్లులన్నీ పడే చోటు) వేస్తాయి. ఇక మిగిలింది మన చెయ్యి, గాలి. దూరం పెరిగేకొద్దీ గాలిదే పైచేయి.

తర్వాత బుల్లెట్, దాని తర్వాతే కేస్

చాలామంది కేస్ ఎంచుకుని దానికి బుల్లెట్ వెతుకుతారు. నేను చెప్పేది దానికి తిరగేసి. మీ దూరానికి ఏ బుల్లెట్ కావాలో ముందు చూడండి. దాన్ని సరిపడా వేగంతో పంపగల అతి చిన్న కేస్ ఏదో ఆ తర్వాత వెతకండి.

బుల్లెట్ గాలిని ఎంత బాగా చీల్చుకుంటూ పోతుందో చెప్పే అంకె బాలిస్టిక్ కోఎఫిషియంట్, అందరూ బీసీ అనే అంటారు. ఎంత ఎక్కువుంటే అంత మంచిది. .308లో పేరుమోసిన 168 గ్రెయిన్ల సియెరా మ్యాచ్‌కింగ్‌కు జీ1 లెక్కలో 0.46 చిల్లర. 6.5 మిల్లీమీటర్లలో 140 గ్రెయిన్ల హోర్నడీ ఈఎల్‌డీ మ్యాచ్‌కు 0.64 చిల్లర. బరువు తక్కువైనా రెండోది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఇంచుమించు ఒకే వేగంతో బయల్దేరినా, అడ్డగాలికి అది జరిగే దూరం మొదటిదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. 600 గజాల దగ్గర గాలిని కొంచెం తప్పుగా అంచనా వేస్తే ఒకటి తొమ్మిదిలో పడుతుంది, ఇంకొకటి ఎనిమిదిలో పడుతుంది. తేడా అక్కడ తెలుస్తుంది.

కంపెనీల పట్టికల్లో బీసీకి జీ1, జీ7 అని రెండు లెక్కలుంటాయి. ఒక బుల్లెట్ జీ1 అంకెను ఇంకో బుల్లెట్ జీ7 అంకెతో పోల్చకండి. తోక సన్నబడిన పొడవాటి బుల్లెట్లకు జీ7 ఎక్కువ నమ్మకం.

ఇంకో మెలిక ఉంది. శబ్దవేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు. బుల్లెట్ వేగం తగ్గి ఆ చుట్టుపక్కలకు వచ్చేసరికి కొన్ని బుల్లెట్లు తడబడతాయి. పైన చెప్పిన 168 మ్యాచ్‌కింగ్‌ను మొదట తయారుచేసింది 300 మీటర్ల పోటీల కోసం. అక్కడ దానికి వంక పెట్టలేం. దాన్నే 1000 గజాలకు తీసుకెళితే మాత్రం ఈ తడబాటుతో ఎటు పడుతుందో చెప్పలేం. కాబట్టి 'మంచి బుల్లెట్' అని విన్నప్పుడు, ఎంత దూరానికి మంచిది అని అడగండి.

ట్విస్ట్ చూడకుండా బ్యారెల్ కొనొద్దు

బ్యారెల్ లోపలి గాడులు బుల్లెట్‌ను తిప్పుతాయి. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు అన్నదే ట్విస్ట్. పొడవైన బుల్లెట్ నిలకడగా పోవాలంటే వేగంగా తిరగాలి, అంటే ఆ అంకె చిన్నదవ్వాలి. బరువు కంటే పొడవే ఇక్కడ లెక్క.

.223లో ఇది బాగా కనిపిస్తుంది. 12 అంగుళాల ట్విస్ట్ 55 గ్రెయిన్లు, అంతకు లోపలి బుల్లెట్లకు. 9 అంగుళాలది 69 గ్రెయిన్ల దాకా లాగుతుంది. 77, 80 గ్రెయిన్లు వేయాలంటే 8, లేదా 7 కావాలి. రైఫిల్ తెల్లగా తళతళలాడుతూ చవగ్గా దొరికిందని 12 ట్విస్ట్‌ది కొని, అందులో 77 వేస్తే ఏమవుతుంది? టార్గెట్ దగ్గరికి నడిచి వెళ్లి చూడండి. గుండ్రటి చిల్లు ఉండదు. తాళంచెవి బెజ్జంలా పొడుగ్గా, అడ్డంగా చిరిగి ఉంటుంది. బుల్లెట్ పల్టీలు కొడుతూ వచ్చిందన్నమాట. ఆ రైఫిల్‌తో ఆ బుల్లెట్‌కు మందు ఎంత మార్చినా బాగుపడేది లేదు.

6.5 క్రీడ్‌మూర్ రైఫిళ్లలో ఈ బెడద తక్కువ. పొడవైన బుల్లెట్ల కోసమే పుట్టింది కాబట్టి 8 అంగుళాల ట్విస్ట్‌తోనే వస్తాయి. .308లో 12, 11, 10 అన్నీ కనిపిస్తాయి. 175 గ్రెయిన్లు, ఆపైన వేయాలనుకుంటే 10 గానీ 11 గానీ చూసుకోండి.

బ్యారెల్ కూడా ఖర్చయ్యే సరుకే

కారుకి టైర్లెలాగో రైఫిల్‌కి బ్యారెల్ అలాగ. ఛాంబర్ ముందు గాడులు మొదలయ్యే చోటును గొంతు అంటారు. ప్రతి తూటాకూ మంట అక్కడే కొడుతుంది. సన్న బెజ్జంలోంచి ఎక్కువ మందు కాలి పోతుంటే గొంతు త్వరగా కాలిపోతుంది.

ఒక కుటుంబాన్ని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. .308 విన్చెస్టర్ 1952లో వచ్చింది. దాని కేస్ మెడను నొక్కి సన్నం చేసి 1955లో .243 తెచ్చారు. కేస్ ఒకటే, లోపల పట్టే మందూ దాదాపు అంతే, కానీ పోవాల్సిన దారి సన్నం. అందుకే .308 బ్యారెల్ మంచి గురితో సుమారు 5000 తూటాలు లాగితే, .243 అందులో సగం కూడా లాగదు. 6.5 క్రీడ్‌మూర్ రెండుకీ మధ్య, 2000 నుంచి 3000 దాకా. ఇవి ఉజ్జాయింపులే. ఆపకుండా కాల్చి బ్యారెల్‌ను వేడెక్కిస్తే ఏదైనా ముందే పోతుంది.

మీ లెక్క మీరే వేసుకోండి. వారానికి 50 తూటాలు కాలిస్తే ఏడాదికి 2600. .308తో దాదాపు రెండేళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. క్రీడ్‌మూర్‌తో ఏడాదికో బ్యారెల్ అనుకోవాలి. నెలకు 50 కాల్చేవాళ్లకు మాత్రం ఈ గొడవే లేదు, ఏదైనా ఏళ్ల తరబడి వస్తుంది.

ఇప్పుడు నా మ్యాగ్నం కథ. .300 విన్చెస్టర్ మ్యాగ్నం, 1963లో వచ్చిన తూటా. కేస్‌లో నీళ్లు పోసి తూస్తే .308లో పట్టేదానికి ఒకటిన్నర రెట్లకు పైనే. అంత మందు కాలితే తన్నూ అలాగే ఉంటుంది. మొదటి పది తూటాలు హుషారుగా కాల్చాను. ఇరవయ్యోదానికి గుంపు విడిపోవడం మొదలైంది. రైఫిల్‌దే లోపమనుకున్నాను, స్కోప్‌ను అనుమానించాను, స్క్రూలు బిగించాను. చివరికి పక్కనున్న పెద్దాయన ఒక పని చేశారు. నేను చూడకుండా ప్రైమర్, మందు లేని ఉత్త తూటా ఒకటి మ్యాగజైన్‌లో కలిపారు. దాని వంతు వచ్చింది. నేను ట్రిగ్గర్ నొక్కాను, పేలలేదు. కానీ రైఫిల్ మూతి రెండంగుళాలు కిందికి దిగింది, భుజం ముందుకు పొడిచింది, కళ్లు గట్టిగా మూసుకున్నాయి. పేలుడు లేకుండానే! ఆ అలవాటు వదిలించుకోవడానికి .22తో నాకు ఒక సీజనంతా పట్టింది. మీరు మొదటి సెంటర్‌ఫైర్ ఎంచుకునేటప్పుడు తన్ను గురించి ఎవరైనా "అలవాటైపోతుంది" అంటే వినకండి. అలవాటయ్యేది బెదురు.

ఇత్తడి దొరుకుతుందా?

చేత్తో నింపుకునేవారికి కాగితం మీది బీసీ కంటే ఇది ముఖ్యం. మంచి కేస్ జాగ్రత్తగా వాడితే పది సార్లు, అంతకు పైన కూడా నింపుకోవచ్చు. లాపువా, నోర్మా వంటివి ఖరీదెక్కువ, కానీ ఒకదానికొకటి తేడా తక్కువ. ఏ కంపెనీవైనా ఒకే లాట్‌వి 200 ఒక్కసారే కొని పక్కన పెట్టుకోండి. రకరకాల కేసులు కలిపితే లోపలి ఖాళీ మారి, అదే మందుకు వేగం మారుతుంది. సైన్యం కేసుల గోడలు కొన్నిసార్లు దళసరిగా ఉంటాయి. లోపల చోటు తగ్గుతుంది కాబట్టి అదే మందుకు ప్రెజర్ పెరుగుతుంది.

ప్రైమర్ రకం కూడా చూడండి. బాక్సర్ కేస్‌లో అడుగున నడిమధ్య ఒకే బెజ్జం ఉంటుంది, కేస్‌ను నొక్కి సరిచేసే అచ్చు (డై) లోని మామూలు సూదితో పాత ప్రైమర్ ఊడొస్తుంది. బెర్డాన్ కేస్‌లో పక్కలకు రెండు చిన్న బెజ్జాలుంటాయి. ఆ సూది వాటిలోకి పోదు, వంగుతుంది లేదా విరుగుతుంది. కేస్ మూతిలోంచి టార్చ్ వేసి చూస్తే క్షణంలో తెలిసిపోతుంది.

నా తీర్పు

300 మీటర్ల లోపు నేర్చుకోవడానికి, ఎక్కువ కాల్చడానికి: 8 ట్విస్ట్‌తో .223 రెమింగ్టన్. తన్ను నామమాత్రం, మందు తక్కువ పడుతుంది, బ్యారెల్ నిలుస్తుంది. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లు చాలామంది దీంతో 600 గజాలు కాల్చినవాళ్ల పక్కన నిలబడలేరు.

600 నుంచి 1000 గజాల దాకా, పోటీ నిబంధన అడ్డురాకపోతే: 6.5 క్రీడ్‌మూర్. 2007లో హోర్నడీ తెచ్చింది. టార్గెట్ షూటర్ల కోరికల చిట్టాలోంచే పుట్టింది. మొదట్లో ఫ్యాక్టరీ తూటా పెట్టె మీదే లోపలి మందు వివరం కూడా అచ్చేశారు, ఇంట్లో నింపుకునేవాళ్లు అదే దారిలో పోవచ్చని. ఇంతగా నింపుకునేవారి కోసం ఆలోచించిన తూటా అరుదు.

ఎఫ్‌-టీఆర్ ఆడాలంటే, లేదా ఒక్క బ్యారెల్‌తో చాన్నాళ్లు గడవాలంటే: .308. గాలిలో వెనకబడుతుంది, నిజమే. ఆ వెనకబాటే గాలి చదవడం నేర్పుతుంది. దీనికి బుల్లెట్లు, మందులు, అచ్చైన లెక్కలు కావలసినన్ని దొరుకుతాయి.

6 మిల్లీమీటర్ల తూటాలైన 6 పీపీసీ, 6 బీఆర్‌ల గురి చూస్తే నోరు ఊరుతుంది. 6 పీపీసీ 1975 నుంచీ బెంచ్‌రెస్ట్‌లో (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే పోటీలో) రాజ్యమేలుతోంది. అయితే దాని కేసులను సాధారణంగా .220 రష్యన్ కేస్ నుంచి మనమే మలుచుకోవాలి. 6 బీఆర్ పొట్టి, లావు. మ్యాగజైన్‌లోంచి సరిగ్గా ఎక్కకపోవచ్చు, ఒక్కోటి చేత్తో పెట్టుకునేవారికి బంగారం. రెండూ రెండో రైఫిల్‌కి.

మొదటి యాభై నింపడం

మందుల బరువులు ఇక్కడ రాయను, ఎవరు రాసినా తీసుకోవద్దు. బుల్లెట్ కంపెనీ పుస్తకం ఒకటి, మందు కంపెనీ పట్టిక ఒకటి ఎదురుగా పెట్టుకోండి. మీ బుల్లెట్‌కూ మందుకూ రెండూ ఏం చెబుతున్నాయో చూసి, తక్కువ చెప్పిన మొదలు దగ్గరే మొదలుపెట్టండి. అలాగని పుస్తకం చెప్పిన కనిష్ఠానికి కిందికీ దిగకూడదు. నెమ్మదిగా కాలే మందును మరీ తగ్గిస్తే కూడా ప్రెజర్ అడ్డదిడ్డంగా పోవచ్చు.

మందు రకం ఎంచేటప్పుడు కేస్‌ను దాదాపు నింపేది చూడండి. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి బయటపడుతుంది, కళ్లబడుతుంది. ఎండకూ చలికీ వేగం పెద్దగా మారనివి ఇంకా మంచివి. క్రీడ్‌మూర్‌కు హెచ్4350, .308కు వార్గెట్ అంత పేరు తెచ్చుకున్నది అందుకే.

బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. మిగిలింది సాయంత్రం అదే డబ్బాలోకి పోవాలి. ప్రైమర్లను వాటి అట్టపెట్టెలోంచి తీసి గాజు సీసాలో పోసుకోవద్దు, ఒకటి పేలితే అన్నీ పేలతాయి. ఫ్యాన్ ఆపండి, గాలికి తరాజు అంకెలు ఊగుతాయి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఈ మందు దగ్గర ఆ మందు పనికిరాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. కళ్లద్దాలు పెట్టుకోండి. సీసం, ప్రైమర్ మసి చేతికంటుతాయి కాబట్టి బల్ల దగ్గర ఏమీ తినకండి, లేవగానే చేతులు కడుక్కోండి.

ముందు కాల్చిన కేసుల తనిఖీ. ఒక సన్నటి తీగ తీసుకుని కొసను కొంచెం వంచి, ఆ కొసను గీకి పదును చేయండి. కేస్ లోపల అడుగు దాకా దించి, గోడకు ఆనించి మెల్లగా పైకి లాగండి. గోడ నున్నగా ఉంటే తీగ జారిపోతుంది. అడుగుకు కాస్త పైన గీతలో ఇరుక్కున్నట్టు తగిలితే అక్కడ ఇత్తడి సాగి పలచబడిందన్నమాట. బయట అదే ఎత్తులో మెరిసే వలయం కనిపించినా అంతే. మళ్లీ కాలిస్తే అక్కడ తెగుతుంది. ఆ కేస్‌ను ప్లయర్‌తో నొక్కి చెత్తలో వేయండి. ఊరికే పక్కన పెడితే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ కుప్పలో కలుస్తుంది.

ఇలా సాగడానికి కారణం ఎక్కువసార్లు మనమే. సైజింగ్ డైని ప్రెస్‌లో చివరికంటా దించేస్తే కేస్ భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) అవసరానికి మించి వెనక్కి పోతుంది, కాల్చినప్పుడల్లా ఇత్తడి ఆ ఖాళీలోకి సాగుతుంది. కంపారేటర్‌తో కాల్చిన కేస్ భుజం కొలిచి, డైని కొంచెం కొంచెంగా దించుతూ, ఒకటి రెండు వేల వంతుల అంగుళం మాత్రమే వెనక్కి పోయేలా ఆపండి. ఈ ఒక్క సర్దుబాటుతో కేస్ ఆయుష్షు ఎంతో పెరుగుతుంది. సైజింగ్‌కు ముందు లూబ్ (జారుడు నూనె) రాయడం మరిస్తే కేస్ డైలో బిగుసుకుంటుంది. ఒక్కసారి బిగిశాక ఇంకెప్పుడూ మరవరు.

పొడవు కొలవండి. .308 కేస్ 51.18 మిల్లీమీటర్లు దాటకూడదు, క్రీడ్‌మూర్ 48.77, .223 అయితే 44.70. దాటితే ట్రిమ్ చేసి, మూతి అంచు లోపలా బయటా గీకి, లూబ్ తుడిచేయండి.

ప్రైమర్ ఎక్కించాక ప్రతి కేస్ అడుగునా వేలు రాసి చూడండి. ప్రైమర్ అడుగుకు కొంచెం లోపలికి తగలాలి, పైకి పొడుచుకొస్తే ఆ కేస్ పక్కకు. తర్వాత మందు. ప్రతిదీ తూచండి. అన్నీ పోశాక కేసులను బ్లాక్‌లో వరసగా నిలబెట్టి, టార్చ్‌తో ఒక్కో మూతిలోకి చూడండి. మందు మట్టం అన్నిట్లో ఒకేలా ఉండాలి. ఒకటి ఖాళీగా ఉందనుకోండి, ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ను బ్యారెల్‌లో సగం దాకా తోసి వదిలేస్తుంది. దాని వెనక ఇంకొకటి కాలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. రేంజ్‌లో ఎప్పుడైనా శబ్దం తుస్సుమన్నట్టు వస్తే వెంటనే ఆగి, రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, బ్యారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడాలి.

బుల్లెట్ దింపే లోతు మొదట పుస్తకం చెప్పిన పొడవుకే ఉంచండి. గాడులకు ఎంత దగ్గరగా పెట్టాలన్న వాదనలు తర్వాత చూసుకోవచ్చు. బుల్లెట్ గాడులకు ఆనితే ప్రెజర్ పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

రేంజ్‌లో తక్కువ మందు దగ్గర మొదలుపెట్టి, మెట్టుకు ఒక శాతానికి మించకుండా పెంచిన తూటాలను ఒక్కోటి కాలుస్తూ రండి. ప్రతి తూటా తర్వాత బోల్ట్ ఎత్తే చేతి మీద ధ్యాస పెట్టండి. రెండు వేళ్లతో లేచే బోల్ట్ ఒకసారి అరచేయి అడిగిందంటే అక్కడితో ఆపేయాలి. కేస్ అడుగు చూడండి. ప్రైమర్ అంచుల గుండ్రదనం పోయి చపాతీలా పరుచుకున్నా, ఇత్తడి మీద ఎజెక్టర్ (కేస్‌ను బయటికి నెట్టే పిన్ను) గుండ్రటి మెరుపు ముద్ర పడినా అంతే. పుస్తకం గరిష్ఠం ఇంకా రాకపోయినా మీ రైఫిల్ గరిష్ఠం వచ్చేసింది. మిగిలిన తూటాలు ఇంటికి తెచ్చి విప్పండి. బద్ధకించి కాల్చేయొద్దు. చల్లటి పొద్దున సరిపోయిన మందు మిట్టమధ్యాహ్నం ఎండలో ఎక్కువవ్వచ్చు. తూటాల పెట్టె నీడలో ఉంచండి.

గుంపు చూసి మందు ఎంచేటప్పుడు మూడు తూటాల గుంపును నమ్మకండి. అదృష్టం ఉంటే మూడు ఎక్కడైనా అతుక్కుంటాయి. నచ్చిన రెండు మెట్లను పదేసి చొప్పున కాల్చి పోల్చండి. సగం వ్యవహారం తారుమారవుతుంది, చూస్తారు.

నింపిన ప్రతి పెట్టె మీద కేస్ లాట్, ఎన్నోసారి నింపింది, ప్రైమర్, మందు పేరు, బరువు, బుల్లెట్, పొడవు, తేదీ రాసి అతికించండి. రాయని పెట్టె నెల తర్వాత కనిపిస్తే అందులో ఏముందో గుర్తున్నట్టే ఉంటుంది. దాన్ని కాల్చకండి, బుల్లెట్లు పీకి మళ్లీ మొదటినుంచి నింపుకోండి.